పొగ, ఆవిరి – ప్రక్కవాని ఊపిరి

“నిప్పులేనిదే పొగ రాదు” అను సామెత తెలుగునాట పుట్టినవారందరు ఎరిగినదే. ఇటీవలి కాలమున ఆ సామెతకు ఒక వింత మినహాయింపు ఏర్పడినది. అగ్గిపుల్ల లేదు, నిప్పురవ్వ లేదు, బూడిద లేదు. అయినను నోటినుండి తెల్లని మబ్బు వెలువడుచున్నది. ఎలక్ట్రానిక్ సిగరెట్ అనియు, వేప్ అనియు పిలువబడు ఈ పరికరము చూపునకు కలమువలె, ఒక్కొక్కప్పుడు పెన్‌డ్రైవువలె ఉండును. లోపల ఒక చిన్న బ్యాటరీ, ఒక తీగచుట్ట, కొంత ద్రవము. ఇంతియే దాని సంపద. పీల్చినప్పుడు తీగ వేడెక్కి ద్రవమును ఆవిరిగా మార్చును. పీల్చినవాడు కొంత తనలో నిలుపుకొని, మిగిలినదానిని గదిలోనికి విడుచును. విడిచిన క్షణమునుండి అది అతని సొత్తు కాదు. ఆ గదిలో ఊపిరి తీయుచున్న ప్రతివానికి అందులో బలవంతపు వాటా కలదు.

ఈ వాటా ఎంతటిది, ఎట్టిది అను విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. “అది ఒట్టి నీటి ఆవిరి, ప్రక్కవానికి వచ్చిన బాధ యేమి?” అనువారు ఒక వర్గము. “సిగరెట్టు పొగకును దీనికిని భేదము లేదు, రెండును ఒకే విషము” అనువారు మరియొక వర్గము. మొదటిది వాడువారి మాట. రెండవది వారిని మందలించు పెద్దల మాట. రెండును సత్యమునకు దూరమని మా అభిప్రాయము. అయితే సత్యము ఈ రెంటి నడుమ ఎక్కడనో ఉన్నదని చెప్పి ఊరకుండుట విద్యావంతులకు తగదు. ఎక్కడ ఉన్నదో కొలిచి చూడవలెను. కొలిచిన పిమ్మట, ఎవరికి ఏ కొలబద్ద తగినది అను ప్రశ్న మిగులును. మేము చెప్పదలచినది ప్రధానముగా ఆ కొలబద్దను గూర్చియే.

ముందుగా పాత శత్రువును పరిశీలింతము. సిగరెట్టు గాని, బీడీ గాని, చుట్ట గాని వెలిగించినప్పుడు రెండు విధములైన పొగ పుట్టును. త్రాగువాడు లోనికి పీల్చి విడుచునది ఒకటి. పీల్పునకు పీల్పునకు నడుమ వ్రేళ్ల సందున ఊరకే కాలుచు, కొననుండి లేచునది రెండవది. ఒక సిగరెట్టును త్రాగువాడు సాధారణముగా పది పండ్రెండు పర్యాయములు మాత్రమే పీల్చును. తక్కిన సమయమంతయు అది గది కొరకే కాలుచుండును. గదిలో వ్యాపించు పొగలో సుమారు 85 శాతము ఈ కొననుండి లేచునదియే యని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పీల్చునప్పుడు నిప్పుకొన సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి చేరును. ఊరకే కాలునప్పుడు వేడి తగ్గి దహనము అసంపూర్ణమగుటచే, ఆ పొగలో కొన్ని విషపదార్థముల పాలు మరింత అధికముగా ఉండును. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనములు కలవనియు, వానిలో సుమారు 70 క్యాన్సరు కారకములనియు తేలినది. కార్బన్ మోనాక్సైడు, బెంజీన్, ఫార్మాల్డిహైడు, ఆర్సెనిక్ వంటివి ఆ జాబితాలోనివే.

ఈ పొగ త్రాగువానికి హాని చేయునని తెలిసిన వెంటనే ప్రక్కవానికిని చేయునని లోకము గ్రహింపలేదు. పొగ త్రాగుటకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును ఇంగ్లండులో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు 1950లో ప్రకటించిరి. ప్రక్కవాని సంగతి మరి ముప్పది యేండ్లకు గాని స్పష్టపడలేదు. జపాను శాస్త్రజ్ఞుడు తకేషి హిరయామా, తాము పొగ త్రాగని 91,540 మంది వివాహిత స్త్రీలను 14 సంవత్సరముల పాటు గమనించి, భర్త అధికముగా పొగ త్రాగు ఇంటిలోని ఇల్లాలికి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఇంచుమించు రెట్టింపుగా ఉన్నదని 1981 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించెను. ఆ యేటనే గ్రీసు దేశమునుండి కూడ అటువంటి ఫలితమే వెలువడినది. పొగాకు వర్తకులు ఆ లెక్కలను తప్పుపట్టుటకు ఎంతయో శ్రమించిరి. కాని ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన పరిశోధనలు దానినే బలపరచినవి. 1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదికయు, 2004లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ తీర్పును ఈ విషయమున సందేహమునకు తావు లేకుండ చేసినవి. ఇతరుల పొగ కారణముగా లోకమున ఏటేట పది లక్షలకు పైగా ప్రజలు, జీవితమున ఒక్క సిగరెట్టు కూడ ముట్టనివారు సైతము, మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ చరిత్రలో ఒక పాఠమున్నది. 1950 నాటికి ప్రక్కవానికి హాని కలదని ఎవరును నిరూపింపలేదు. అంతమాత్రమున 1950లో హాని లేకపోలేదు. ఆ ఇల్లాండ్రు అప్పుడును ఆ పొగనే పీల్చుచుండిరి. నిరూపణ లేకపోవుట వేరు, హాని లేకపోవుట వేరు. ఈ భేదమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక క్రొత్తదానిని చూతము. దీనిని ఆవిరి యని పిలుచుట వాడుక యే గాని, అది నీటి ఆవిరి కాదు. ఈ పరికరములలోని ద్రవమున ముఖ్యముగా ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అను రెండు పదార్థములు, సుగంధ రుచి ద్రవ్యములు, సాధారణముగా నికొటిన్ ఉండును. వేడెక్కిన ద్రవము గాలిలో చల్లబడి అతి సూక్ష్మమైన బిందువులుగా మారును. శాస్త్రపరిభాషలో దీనిని ఏరోసాల్ అందురు. నాటక రంగస్థలముపై కృత్రిమముగా మంచు కమ్మునట్లు చేయు యంత్రములలో సైతము ఇట్టి గ్లైకాల్ ద్రవములను వాడుదురు. కనుక మనకు కనబడు తెల్లని మబ్బు మిక్కిలిగా ఈ బిందువుల సమూహమే. దానితో పాటు నికొటిన్, స్వల్పముగా ఫార్మాల్డిహైడు, ఎక్రోలిన్ వంటి పదార్థములు, తీగచుట్టనుండి ఊడివచ్చు నికెల్, క్రోమియం, సీసము వంటి లోహముల జాడలును కలవు. తీగ అతిగా వేడెక్కినను, ద్రవము ఎండిపోయినను ఫార్మాల్డిహైడు వంటివి పెరుగును. “ఒట్టి నీటి ఆవిరి” అనువారి వాదము ఇంతటితో వీగిపోయినది.

అయితే రెండవ వర్గము వారి వాదమును కూడ ఇంతే నిష్పక్షపాతముగా పరీక్షింపవలెను. ఈ పరికరములో పొగాకు ఆకు కాలదు. కాలనప్పుడు తారు లేదు. కార్బన్ మోనాక్సైడు దాదాపు లేనట్లే. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదు. సిగరెట్టునకు వలె దీనికి ఊరకే కాలుచుండు కొన లేదు. పీల్చనప్పుడు పరికరము చల్లారి యుండును. గదిలోనికి వచ్చునది వాడువాడు విడిచినది మాత్రమే. పొగాకు విషయమున గది పొగలో 85 శాతము కొననుండి వచ్చినదను మాటను స్మరించినచో, ఈ ఒక్క భేదము ఎంతటిదో బోధపడును. పైగా ఆ బిందువులు చాలవరకు శీఘ్రముగా ఆరిపోవును. పొగాకు కణములు గదిలో చాలసేపు తారాడుచుండును.

కొలతలు ఏమి చెప్పుచున్నవి? 2014లో ప్రచురితమైన ఒక పోలండు పరిశోధనలో, ఆవిరి విడిచిన గది గాలిలో నికొటిన్ ఘనపు మీటరునకు సగటున 3.32 మైక్రోగ్రాములు ఉండగా, సిగరెట్టు త్రాగిన గదిలో 31.60 మైక్రోగ్రాములు ఉండెను. అనగా ఇంచుమించు పదింట ఒక వంతు. ఆ యేటనే స్పెయిన్ దేశమున బార్సిలోనా నగరపు పరిశోధకులు ప్రయోగశాలను వదలి నిజమైన ఇండ్లకు వెళ్లిరి. సిగరెట్టు త్రాగు ఇండ్ల గాలిలో 0.74, ఆవిరి పీల్చు ఇండ్లలో 0.13, రెండును లేని ఇండ్లలో 0.02 మైక్రోగ్రాముల నికొటిన్ కనబడినది. అందు ఆవిరి ఇండ్లు ఐదు మాత్రమే యగుటచే ఆ లెక్కను జాగ్రత్తగా గ్రహింపవలెను. ఇంతకంటె విపులమైనది 2024లో వెలువడిన పరిశీలన. అమెరికాలో 3 మొదలు 11 ఏండ్ల వయస్సు గల 1,777 మంది పిల్లల రక్తమును పరీక్షించి, నికొటిన్ శరీరమున మారగా ఏర్పడు కొటినిన్ అను పదార్థమును కొలిచిరి. ఇంటిలో పొగ పీల్చిన పిల్లలలో అది లీటరునకు 0.494 మైక్రోగ్రాములు, ఆవిరి మాత్రమే పీల్చినవారిలో 0.081, రెండును ఎరుగనివారిలో 0.016. పొగ పిల్లలతో పోల్చినచో ఆవిరి పిల్లలలో 84 శాతము తక్కువ. కాని ఏమియు పీల్చని పిల్లలతో పోల్చినచో అది ఐదు రెట్లు!

పాఠకులు ఈ మూడు అంకెలను మరల ఒకసారి చదువవలెనని మా మనవి. మన వివాదమంతయు ఆ మూడింటిలోనే ఇమిడి యున్నది. “84 శాతము తక్కువ” అను మాటయు సత్యమే. “ఐదు రెట్లు ఎక్కువ” అను మాటయు సత్యమే. ఒకే అంకెను పైనున్న అంకెతో పోల్చినవాడు సంతోషించును. క్రింది అంకెతో పోల్చినవాడు చింతించును. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలు 2018లో వెలువరించిన నివేదిక కూడ ఈ రెండు మాటలను కలిపియే చెప్పినది. ఈ పరికరముల వాడుక వలన గదిలో సూక్ష్మకణములును, నికొటిన్‌ను పెరుగుననుటకు తిరుగులేని ఆధారము కలదనియు, అయితే పొగాకు పొగతో పోల్చినచో ప్రక్కవారికి తగులు పాలు తక్కువ యనుటకు ఓ మోస్తరు ఆధారము కలదనియు దాని సారాంశము.

మన భాషలో “గుడ్డికన్న మెల్ల మేలు” అను సామెత ఒకటి కలదు. ఇరువది యేండ్లుగా రోజునకు ఒక పెట్టె సిగరెట్లు కాల్చినవాడు వానిని పూర్తిగా మాని ఆవిరికి మారినచో, అతని విషయమున ఆ సామెత చెల్లును. బ్రిటన్ దేశపు ప్రభుత్వ వైద్యులు పొగ మానదలచినవారికి దీనిని ఒక ఊతకర్రగా అనుమతించుట ఈ తర్కము మీదనే. అట్టివాని ఇంటిలోని భార్యాబిడ్డలకు సైతము కొంత మేలే జరుగును. దానిని కాదనుట న్యాయము కాదు. కాని రెండు కన్నులు చక్కగా ఉన్నవానికి మెల్ల ఏ విధముగా మేలు? ప్రక్కన కూర్చున్నవాడు సిగరెట్టు మానలేక ఆవిరిని ఆశ్రయించినవాడు కాడు. అతడు దేనిని మానవలసిన అవసరము లేదు. అతనికి సహజముగా లభింపవలసినది స్వచ్ఛమైన గాలి. అతని కొలబద్ద సిగరెట్టు కాదు, గాలి. త్రాగువాని కొలబద్దను తెచ్చి త్రాగనివాని చేతిలో పెట్టి, “నీకు 84 శాతము లాభము కలిగినది, సంతోషింపుము” అనుట, ఇతరుని పొలములో ఒక మూల మాత్రమే ఆక్రమించి, మొత్తము ఆక్రమింపనందులకు కృతజ్ఞత కోరుట వంటిది.

ఈ గాలి పొత్తును గూర్చి మన రెండు భాషలలో రెండవదియైన ఉర్దూలో ఒక సొగసైన మాట కలదు. పొరుగువానిని ‘హమ్‌సాయా’ అందురు. ఒకే నీడను పంచుకొనువాడని దాని అర్థము. నీడను పంచుకొనువారు గాలిని కూడ పంచుకొందురు. ఒకే గదిలో, ఒకే బస్సులో, ఒకే వసతిగృహములో ఉన్నవారందరును హమ్‌సాయాలే. పంచుకొన్నదానిని చెడగొట్టునప్పుడు, “కొంచెమే చెడగొట్టితిని” అనునది సమాధానము కాదు. “నీ అనుమతితో చేసితిని” అనునదే సమాధానము. పసిబిడ్డ అనుమతి ఇయ్యలేదు. గర్భములోని శిశువు అనుమతి ఇయ్యలేదు. చెప్పుటకు జంకు పడు కోడలు, చిన్న ఉద్యోగి, జూనియర్ విద్యార్థి మౌనముగా ఉన్నంతమాత్రమున అనుమతి ఇచ్చినట్లు కాదు.

పైగా ఆ “కొంచెము” చేయు పని ఏమో నేటికిని పూర్తిగా తేలలేదు. ఈ పరికరమును నేటి రూపములో చైనా దేశస్థుడు హోన్ లిక్ రూపొందించినది 2003 ప్రాంతమున. అనగా రెండు దశాబ్దములు దాటినవి, అంతే. క్యాన్సరు వంటి వ్యాధులు బయటపడుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టవచ్చును. తినుటకు నిరపాయమని తేలిన రుచి ద్రవ్యములు ఊపిరితిత్తులలోనికి పోయినప్పుడు కూడ నిరపాయములే యని తలచుటకు వీలు లేదు. ఫ్లోరిడా రాష్ట్రమున ఉబ్బసము గల బాలబాలికలను గూర్చి 2019లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఇతరుల ఆవిరికి లోనైనవారు ఉబ్బసపు దాడికి గురియగుట ఎక్కువగా కనబడినది. ఇట్టి పరిశీలన సంబంధమును చూపునే గాని కారణమును నిరూపింపదు. అయినను తల్లిదండ్రులు పెడచెవిని పెట్టదగినది కాదు. పొగాకు విషయమున ముప్పది యేండ్లు వేచియున్న ఫలితము మనకు తెలిసియే యున్నది.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణకు సమాధానము చెప్పవలసి యున్నది. భారత ప్రభుత్వము 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారాను, ఆ డిసెంబరులో చట్టము ద్వారాను ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, విక్రయము, నిలువ, ప్రకటనలను సంపూర్ణముగా నిషేధించినది. తొలి నేరమునకు ఒక సంవత్సరము వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరి ఇంతకంటె పది రెట్లు గదిని చెరచు సిగరెట్టు, బీడీ ప్రతి వీధి మలుపున పాన్ దుకాణములో లభించుచున్నవి. బహిరంగ స్థలములో పొగ త్రాగినవానికి 2003 నాటి చట్టము క్రింద గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. “తక్కువ హానికి జైలు, ఎక్కువ హానికి దుకాణమా?” అని యువకులు అడుగుచున్నారు.

అడుగుటలో తప్పు లేదు. ఇందలి అసంగతమును మేము కాదనము. పొగాకు వెనుక ప్రకాశము జిల్లా రైతు ఉన్నాడు. నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల బీడీలు చుట్టి కుటుంబమును పోషించు స్త్రీ ఉన్నది. ప్రభుత్వపు పన్ను ఆదాయమున్నది. నూరేండ్లుగా వ్రేళ్లూనినదానిని పెరికివేయుట, క్రొత్తగా మొలచినదానిని పెరికివేయుట ఒకటి కావు. కాని ఈ ఆక్షేపణనుండి రెండు వేర్వేరు ముగింపులు తీయవచ్చును. “పొగకు చోటిచ్చితిరి గనుక ఆవిరికిని గదిలో చోటిండు” అనునది ఒకటి. “ఆవిరిని వెడలగొట్టితిరి గనుక పొగను కూడ గదినుండి వెడలగొట్టుడు” అనునది రెండవది. రెండవదియే తర్కసమ్మతమని మా విశ్వాసము. అన్యాయము సరిసమానముగా పంచబడినంతమాత్రమున న్యాయము కాజాలదు.

నిజమునకు మన దేశమున ప్రక్కవాని ఊపిరికి ముప్పు నేడు ఎక్కడ నున్నది? 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారము, భారతదేశములోని వయోజనులలో 38.7 శాతము మంది తమ ఇంటిలోనే ఇతరుల పొగకు లోనగుచున్నారు. నాలుగు గోడల మధ్య పనిచేయువారిలో 30.2 శాతము మంది పనిచోట లోనగుచున్నారు. సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరులో విద్యాలయములు, ఆసుపత్రులు, గ్రంథాలయములు, రైళ్లు మున్నగు తావులలో పొగ త్రాగుటను నిషేధించినది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలముల నిబంధనలు మరింత కట్టుదిట్టము చేయబడినవి. వాని ఫలితముగా బస్సులు, సినిమాహాళ్లు ఎంతయో శుభ్రపడినవి. కాని చట్టము గడప వద్ద ఆగిపోవును. గడప లోపల పొగ త్రాగువాడు తరచుగా ఇంటి యజమాని. పీల్చువారు అతని మాటకు ఎదురు చెప్పలేనివారు.

కావున వేప్ పరికరములను తిట్టుటతో మన బాధ్యత తీరినదని తలచుట పొరపాటు. ఆవిరియు పొగయు ఒకటియే యని బోధించుటలో గల అసలు ప్రమాదము ఇదియే. రెండును సమానమే యైనచో, రోజునకు రెండు కట్టల బీడీలు పసిబిడ్డ మంచము ప్రక్కనే కాల్చు తండ్రి, కళాశాల విద్యార్థి జేబులోని పరికరమును గూర్చి వార్తాపత్రికలో చదివి, “కాలము చెడినది” అని నిట్టూర్చి, మరియొక బీడీ వెలిగించుకొనును. అబద్ధపు సమానత్వము పెద్ద దోషిని చిన్న దోషి వెనుక దాచును. అంతేకాదు, చిన్నవారికి ఒకసారి అతిశయోక్తి చెప్పి పట్టుబడిన పెద్దలు, పిదప సత్యము చెప్పినను వారు నమ్మరు.

ఇంటిలో పొగ త్రాగువారు సాధారణముగా చెప్పు సమాధానములు మూడు. కిటికీ తెరచితినని ఒకటి; ప్రక్క గదిలో త్రాగితినని రెండవది; పంకా వేసితినని మూడవది. గదులు వేరుచేసినను, గాలిని శుభ్రపరచినను, కిటికీలు తెరచినను ఇంటిలోనివారికి పొగ సోకకుండ పూర్తిగా ఆపజాలమని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక స్పష్టము చేసినది. ఇతరుల పొగకు నిరపాయమైన మోతాదు లేదనియు ఆ నివేదికయే చెప్పినది. పనిచేయు ఉపాయము ఒక్కటే: గడప దాటుట.

హైదరాబాదు వాసులకు ఈ ఆవిరి వాదము క్రొత్తది కాదు. హుక్కా విషయమున తరతరములుగా ఇదే మాట వినుచున్నాము. నీరు పొగను కడిగివేయునని, బుడగలలో విషము నిలిచిపోవునని మన పెద్దలు నమ్మిరి. నీరు పొగను చల్లబరచునే గాని కడుగజాలదు. పైగా చిలుము మీది బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు, త్రాగువానితో పాటు దివాన్‌ఖానాలో కూర్చున్న అతిథుల ఊపిరిలోనికిని చేరును. వెండి పోతలు, ముఖమల్ గొట్టములు ఆ పొగను మర్యాదస్థురాలిని చేసినవి. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ హుక్కా కేంద్రములను నిషేధించు సవరణను ఆమోదింపవలసి వచ్చినది. నేడు పండ్ల వాసనలతో, రంగురంగుల డబ్బాలలో వచ్చుచున్న ఆవిరిని చూచినప్పుడు మాకు ఆ ముఖమల్ గొట్టములే స్ఫురించుచున్నవి. సువాసన కలది గనుక హాని లేనిదను భ్రమ మన నగరమునకు పాత చుట్టమే.

విద్యార్థులకు మేము చెప్పదలచినవి కొన్ని కలవు. మొదటిది, పొగాకును ఎన్నడును ముట్టనివాడు ఆవిరిని మొదలుపెట్టుటకు ఏ సమర్థనయు లేదు. సిగరెట్టునుండి దిగివచ్చువానికి అది ఒక మెట్టు; నేల మీద నిలిచినవానికి అది ఎక్కుడు మెట్టే. రెండవది, వసతిగృహపు గదిలో దుప్పటి క్రింద దాచి పీల్చినను, గదిలోని సహచరుని ఊపిరి నుండి దానిని దాచలేరు. మూడవది, ప్రక్కవాడు పీల్చినప్పుడు మౌనము వహించుట మర్యాద యని తలపవద్దు. “ఇక్కడ వద్దు, బయటికి వెళ్లుడు” అని నెమ్మదిగా చెప్పుట ఎవరికిని అవమానము కాదు.

నాల్గవది అన్నింటికంటె కష్టమైనది. ఆ మాటను ఇంటిలో చెప్పవలసి యున్నది. మన కళాశాలకు వచ్చు బాలబాలికలలో పలువురు తమ ఇంటిలో మొదటి పట్టభద్రులు కాబోవువారు. వారి తండ్రులలో చాలమంది పగలంతయు శ్రమించి, సాయంకాలమున బీడీ వెలిగించుకొని గోడకు చేరగిలబడువారు. అది వారికి మిగిలిన ఒకే ఒక సుఖము. దానిని గర్హించుటకు మనకు అధికారము లేదు. కాని, “అబ్బా, తమ్ముడు దగ్గుచున్నాడు, బయట అరుగు మీద కూర్చుండి త్రాగండి” అని కూతురు చెప్పవచ్చును. “నాన్నా, నీ వెంట నేనును అరుగు మీద కూర్చుందును, పద” యని కొడుకు అనవచ్చును. మానుమని ఆజ్ఞాపించుట కాదు. గడప దాటుమని వేడుకొనుట. తండ్రి ఒకవేళ బీడీ విడిచి ఆవిరికి మారినచో, దానిని మేలుగనే ఎంచి, అదియును గడప బయటనే ఉండవలెనని కోరుట. ఏ చట్టమును చేయలేని ఈ పనిని ఒక బిడ్డ మాట చేయగలదు.

సంగ్రహముగా మా అభిప్రాయమిది. ఇతరుల ఆవిరి ఇతరుల పొగకంటె చాల తక్కువ హానికరమని నేటి కొలతలు చెప్పుచున్నవి, దానిని దాచవద్దు. అది స్వచ్ఛమైన గాలి కాదని కూడ ఆ కొలతలే చెప్పుచున్నవి, దానిని మరువవద్దు. హాని ఎంత యని తేల్చుట శాస్త్రజ్ఞుని పని. ఆ హానిని మోయవలసినవాడు ఎవడని అడుగుట మన పని. తాను కోరి పీల్చినవాడు తన సంగతి తాను చూచుకొనును. కోరనివాని ఊపిరి అతనికి విడువబడవలెను. ఈ సంవత్సరము మన విద్యార్థులలో ప్రతి ఒక్కరు తమ ఇంటిలోని ఒక్క బీడీనైనను గడప దాటించినచో, ఏ చట్టపు జరిమానాకంటెను అది గొప్ప ఫలితమగునని మా దృఢ విశ్వాసము.